ఒకే చిరునామా వెనుక ఆఫీసంతా

సూరత్‌కు దక్షిణాన ఉధ్నా దాటాక వచ్చే స్టేషన్ భేస్తాన్. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలెన్నో స్థిరపడిన నగరం సూరత్. భేస్తాన్‌లోని ఒక చిన్న బట్టల ఆఫీసులో బిల్లింగ్ కంప్యూటరు, సీసీ కెమెరాల డీవీఆర్, అందరి ఫోన్లు ఒక్క రౌటర్ మీదే నడుస్తాయి. బయటి ఇంటర్నెట్‌కు అవన్నీ ఒకే చిరునామా. ఇది నాట్ (నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్) చేసే పని. దాన్ని తయారుచేసినవాళ్లే అది పదికాలాలు ఉండాలనుకోలేదు.

1981లో ఖరారైన ఇంటర్నెట్ చిరునామా పద్ధతి ఐపీవీ4లో ఒక్కో చిరునామాకు 32 బిట్లే, అంటే దాదాపు 430 కోట్ల చిరునామాలు. తొంభైల ఆరంభానికే అవి చాలవని తేలింది. 1994 మేలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ నాట్‌ను వివరిస్తూ పత్రం వెలువరించారు. ఇది తాత్కాలిక ఉపాయమేనని, దీర్ఘకాలానికి తగదని అందులోనే రాశారు. అంత నిజాయితీగా రాసిన హెచ్చరికను లోకం పక్కన పెట్టేసింది. 1996లో 10, 172.16, 192.168తో మొదలయ్యే వరుసలు లోపలి వాడకానికి స్థిరపడ్డాయి. 2001లో ఎగెవాంగ్‌తో కలిసి పైడా శ్రీసురేశ్ రాసిన పత్రం, పోర్టు నంబర్ల సాయంతో అనేక యంత్రాలు ఒకే చిరునామాను పంచుకునే తీరును స్పష్టంగా నిర్వచించింది.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెచ్చినప్పుడు మన ఇళ్లలో ఒక ఫోన్ లైనుకు ఒక కంప్యూటరే కాబట్టి నాట్‌తో పని పడలేదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌తో అది మోడెం పెట్టెలో కూర్చుని ఇంటికొచ్చింది. లోపలి నుంచి బయటికి వెళ్లే ప్రతి సంభాషణనూ రౌటర్ తన పట్టికలో రాసుకుంటుంది, జవాబు రాగానే దాన్ని చూసి సరైన యంత్రానికి అందిస్తుంది. బయటి నుంచి ముందుగా వచ్చే పిలుపుకు పట్టికలో చోటుండదు. ఊరి నుంచి ఆఫీసు కెమెరాలను నేరుగా చూడాలంటే పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి పిలుపును ఫలానా యంత్రానికి పంపమని రౌటర్‌కు ముందే చెప్పడం) పెట్టాల్సింది అందుకే.

2011 ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతపు ఐపీవీ4 నిల్వ చివరి భాగానికి చేరింది. మరుసటి ఏడాది 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరుసను ఇంటర్నెట్ కంపెనీల సొంత నాట్ కోసం కేటాయించారు. అంటే ఇప్పుడు మన నాట్ పైన వాళ్ల నాట్. అలాంటి చోట మన రౌటర్‌లో ఎంత పోర్ట్ ఫార్వార్డింగ్ చేసినా పిలుపు లోపలికి రాదు.

కాబట్టి మెకానిక్‌కు డబ్బులిచ్చే ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్ బయటి వైపు చిరునామా) చూడండి. అది 10తో మొదలైనా, 100.64–100.127 మధ్యలో ఉన్నా కంపెనీని స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) అడగండి. అంతకన్నా మేలు, ఫైర్‌వాల్ వేసుకుని, చిరునామాల కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 అడగండి.