ఆరడుగుల ఆటస్థలం

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్టేషన్లు నాలుగే. ఆ నాలుగింటి నడుమ శిక్షణాకేంద్రాలు, హాస్టళ్ళు, చీరల దుకాణాలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టుండే అపార్ట్‌మెంట్లు. పరుగెత్తడానికి చోటేదని అడిగితే చూపదగినవి రెండు మూడే: సరూర్‌నగర్ స్టేడియం, చెరువుగట్టు, కొత్తపేటలో వి.ఎం. హోమ్ మైదానం. ఆరవ నిజాము కాలాన అనాథబాలల కోసం వెలసిన విక్టోరియా మెమోరియల్ హోమ్‌దే ఈ చివరి మైదానం. తెల్లవారుజామున నడిచేవారికి అదే ఊపిరి. ఆ తరువాత ఇక్కడి పిల్లవాని దేహం రోజంతా బల్లకూ బస్సుకూ అంకితం.

అందుచేతనే, ఒళ్ళు కదిలిస్తేగాని ఆడలేని వీడియో ఆటల చరిత్రను ఈ వీధులలో నిలబడి తిరగవేయాలనిపించింది.

ఆ చరిత్ర మనం అనుకునేదానికన్నా పాతది. 1986లోనే జపానులో బందాయ్ సంస్థ కాళ్ళతో తొక్కి ఆడే చాపను అమ్మింది. 1989లో మ్యాటెల్ వారి పవర్ గ్లోవ్ వచ్చింది. పేరే గాని పని అంతంతమాత్రం. 1998లో కొనామి వారి నృత్యయంత్రం యువకుల చేత చెమటలు కక్కించింది. కాని ఇంటిల్లిపాదినీ లేపి నిలబెట్టిన ఘనత 2006 నవంబరులో వచ్చిన నింటెండో వీ యంత్రానిదే. దాని చేతికర్రలో గోటికన్నా చిన్న సిలికాను ముక్క ఉంటుంది. అందులో సన్నని స్ప్రింగులకు వేలాడే పిసరంత బరువు చేతి ఊపుకు పక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటును యంత్రం టెన్నిస్ దెబ్బగా చదువుకుంటుంది. జనం ఎంత ఉత్సాహంగా ఊపారంటే, కర్రలు చేజారి టీవీలు పగిలాయి. నెల తిరగకుండానే 32 లక్షల మణికట్టు తాళ్ళను మార్చి ఇవ్వవలసి వచ్చింది!

అయితే ఆ ముక్కకు తెలిసింది చేతి కుదుపే, దేహం కాదు. సోఫాలో పడుకొని మణికట్టు విదిల్చినా ఆట గెలవవచ్చునని పిల్లలు ఇట్టే కనిపెట్టేశారు. ఆ దొంగాటకు అడ్డుకట్ట 2010 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్. కంటికి కానరాని పరారుణ చుక్కలను గదినిండా చల్లి, కెమెరాతో మనిషి కీళ్ళను పోల్చుకునేది. చేతిలో ఏమీ ఉండనక్కరలేదు. అదే నెలలో మన దేశానికీ వచ్చింది, దాదాపు పదివేల రూపాయలకు. అసలు చిక్కు ధరలో లేదు. ఒకరు ఆడాలంటే ఆరడుగుల దూరం కావాలి, ఇద్దరికైతే ఎనిమిది. చైతన్యపురి ఫ్లాటు హాలులో మంచం, బీరువా, కుట్టుమిషను పోగా ఎనిమిదడుగులు ఎక్కడివి? ఉన్నా, పైన గెంతితే కింది ఇంటివారు ఊరుకుంటారా?

ఈ కథలో మన నగరానిదీ ఒక పాత్ర ఉంది. 2009లో హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం 'దేశీ అడ్డా' అనే ఆటను రూపొందించింది. కబడ్డీ, చిర్రగోనె (కోస్తా మిత్రులకు బిళ్ళంగోడు), గాలిపటాలు అన్నీ అందులో ఉన్నాయి. అన్నీ బొటనవేళ్ళతోనే! విదేశీ టెన్నిసును జనం చెయ్యి చాచి ఆడుతున్న కాలంలో, మన కూత మాత్రం మీటల పాలయింది. ప్లేస్టేషన్ 2 చవక గనుక మన ఇళ్ళలో ఉన్నది అదే, తయారీదారులను తప్పుపట్టలేను. అయినా కబడ్డీని కూర్చోబెట్టి ఆడించడం నాకింకా మింగుడుపడదు.

ఇక వ్యాయామం మాట. 2007లో లివర్‌పూల్ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తూచి చెప్పారు: కూర్చుని ఆడేదానికన్నా వీ ఆటలో కనీసం 51 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది గాని, అసలు ఆటతో సాటిరాదు, పిల్లల దైనందిన వ్యాయామంగా లెక్కకు రాదు. 2012లో హ్యూస్టన్ పరిశోధకులు మరింత నిరాశపరిచారు. ఇటువంటి ఆటలు ఇచ్చిన పిల్లలు, ఇవ్వని పిల్లలకన్నా మొత్తంమీద ఎక్కువగా కదిలిందేమీ లేదట.

నా మట్టుకు, కెలొరీల తక్కెడలో పెట్టడమే ఈ ఆటలకు జరిగిన అన్యాయం. మీటల భాష రాని అమ్మమ్మకు మనుమనితో సమానంగా ఆడే అర్హత ఇచ్చిన వీడియో ఆట అంతకుముందు ఏదీ? రోలూ రోకలీ తెలిసిన చేయి ఒక్క ఊపుతో బంతిని దొర్లించగలదు. అమెరికా వృద్ధాశ్రమాలలో వీ బౌలింగ్ పోటీలు సాగడం ఊరకే కాదు. నవ్వుకు శాతాలు లెక్కగట్టిన వ్యాసం మాత్రం నా కంటబడలేదు.

2014లో, మన సత్య నాదెళ్ల పగ్గాలు పట్టిన ఏడాదే, మైక్రోసాఫ్ట్ కినెక్ట్ లేకుండా ఎక్స్‌బాక్స్‌ను వంద డాలర్లు తగ్గించి అమ్మసాగింది. 2017లో తయారీయే ఆపివేసింది. 2019 అక్టోబరులో వచ్చిన నింటెండో రింగ్ ఫిట్, మరుసటి ఏడు కరోనా గృహనిర్బంధంలో ప్రపంచమంతటా దొరకని సరుకయింది. వి.ఎం. హోమ్ నడక కూడా ఆగిన నెలలవి.

ఆ తరువాతివి తలకు తగిలించుకొనే కళ్ళజోళ్ళు. ఆడేముందు నేలమీద గిరిగీయమంటాయి. నిలబడి తిరిగేందుకు అవి కోరే జాగా ఆరున్నర అడుగుల చదరం. ముగ్గురి మంచాలు పట్టిన దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గదిలో ఆ గిరి ఎవరి మంచం మీదుగా గీయాలో!