దీర్ఘాయువులో జన్యువుల వాటా ఎంత?

‘మా తాత తొంభై ఏళ్లు బతికాడు, మాది గట్టి వంశం’ అనే మాట చాలా ఇళ్లలో వినిపించేదే. 1870–1900 మధ్య డెన్మార్క్‌లో పుట్టిన 2,872 కవల జంటలపై 1996లో వచ్చిన అధ్యయనం ఆ ‘గట్టితనం’ లెక్క తేల్చింది. మనుషుల ఆయుష్షులో కనిపించే తేడాల్లో సుమారు నాలుగో వంతుకు వంశపారంపర్యం కారణమంది. 2018లో కాలికో, ఆన్సెస్ట్రీ సంస్థల పరిశోధకులు 40 కోట్లకు పైగా వ్యక్తుల వంశవృక్షాలు పరిశీలించి, ఆ వాటా 10 శాతం లోపేనన్నారు. రక్తసంబంధం లేని బావమరుదులు, వదినల వరసలవారి ఆయుష్షుల్లోనూ వారికి పోలిక కనిపించింది. తమలాంటి జీవన స్థితిగతులున్న వారినే జనం పెళ్లాడతారు కాబట్టి పాత లెక్క ఉబ్బిందన్నది వారి వాదన. ప్రమాదాలు, అంటువ్యాధుల మరణాలను పక్కనపెడితే వాటా పెరుగుతుందనే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

ఈ అన్వేషణకు ఊపునిచ్చింది మట్టిలో బతికే మిల్లీమీటరు పొడవు పురుగు. 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే ఒక్క జన్యువులో మార్పుతో దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందని చూపింది. మనుషుల్లో అలాంటి మంత్రదండమేదీ దొరకలేదు. వేర్వేరు అధ్యయనాల్లో పదేపదే తేలినవి ప్రధానంగా రెండే. ఒకటి ఫాక్సో3, 2008లో హవాయిలోని జపాన్ సంతతి పురుషుల్లో దీర్ఘాయువుతో దీనికి సంబంధం కనబడింది. రెండోది ఏపీఓఈ. దీని ఈ4 రూపం అల్జీమర్స్ ముప్పును పెంచుతుంది. అంటే దీర్ఘాయువు జన్యువులుగా మనం పిలిచేవాటిలో కొన్ని, నిజానికి జబ్బు తెచ్చే రూపం లేకపోవడమే.

మరి హానిచేసే రూపాలు తరతరాలుగా ఎందుకు మిగిలాయి? పీటర్ మెడవార్ 1952లో చెప్పిన జవాబు ఇప్పటికీ నిలిచింది. పిల్లలు పుట్టాక బయటపడే కీడును ప్రకృతి వరణం పెద్దగా ఏరిపారేయలేదు.

దీనికి దక్షిణాసియాలోనే ఉదాహరణ ఉంది. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన రూపం ఈ ప్రాంత ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో వెల్లడైంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ పరిశోధనలో కీలకం. వయసులో ఉన్నప్పుడు చాలామందికి ఇబ్బందేమీ ఉండదు. పెద్దయ్యాక గుండె కండరం బలహీనపడే ముప్పు పెరుగుతుంది. మిగతా ప్రపంచంలో ఇది చాలా అరుదు. యూరప్ జనాభాను మాత్రమే పరిశీలించి ఉంటే కంటపడేదే కాదు.

ఉమ్మి నమూనాతో ఆయుష్షు అంచనా చెబుతామనే పరీక్షలను ఇక్కడే అనుమానించాలి. వాటి వెనకుండే ముప్పు లెక్కలు అధికభాగం యూరప్ సంతతి వారి సమాచారంతో కట్టినవి. అవి మనకు యథాతథంగా వర్తిస్తాయనుకోవడానికి లేదు.

2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దాదాపు 10 వేల మంది భారతీయుల జన్యుక్రమాలు సేకరించింది. 2025 జనవరి నుంచి వాటిని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అయితే ఆయుష్షు రహస్యం తేలాలంటే క్రమం చదివితే చాలదు, ఆ మనుషులను ఏళ్ల తరబడి గమనించాలి. 60 ఏళ్లు దాటినవారి మతిమరుపు వ్యాధులపై సాగుతున్న లాసీ-డాడ్ అధ్యయనం ఆ పని చేస్తోంది. అందులో ఇప్పటిదాకా జన్యుక్రమం చదివినది సుమారు 2,700 మందిదే.