బెంగకు కొలత: శారీరక వ్యాధుల్లో సర్దుబాటు రుగ్మతను గుర్తించడం

క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి నిద్ర పట్టని మనిషిని చూసి ఇంట్లోవాళ్లు "బెంగ పెట్టుకుంది" అంటారు. తెలంగాణలో అయితే "రంది పెట్టుకుంది" అంటారు. అంత కష్టం వచ్చినప్పుడు దిగులు పడడం సహజమే. అయితే అది ఎంతవరకు సహజం, ఎక్కడి నుంచి వైద్యం అవసరమైన స్థితి? ఆ హద్దును గుర్తించడానికి మనోవైద్యులు వాడే పేర్లలో ఒకటి అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్. తెలుగులో సర్దుబాటు రుగ్మత అనుకుందాం. శారీరక వ్యాధి ఉన్నవారిలో దీన్ని ఎలా కొలుస్తున్నారు, ఆ కొలతలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. ప్రశ్నావళి బాధ ఎంత ఉందో చెప్పగలదు. ఆ బాధ దేనివల్ల వచ్చింది, ఎప్పుడు మొదలైంది, ఏ పనిని ఆపేసింది అన్నవి మాత్రం రోగితో మాట్లాడితేనే తెలుస్తాయి.

నిర్వచనంలోనే చిక్కు

అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే డీఎస్ఎం గ్రంథం మూడో కూర్పులో, 1980లో, ఈ రుగ్మతకు ఇప్పటి పేరు వచ్చింది. 2013 నాటి ఐదో కూర్పు ప్రకారం కష్టం మొదలైన 3 నెలల్లోపు లక్షణాలు కనిపించాలి. బాధ ఆ కష్టానికి మించి అయినా ఉండాలి, రోజువారీ జీవితాన్ని గట్టిగా దెబ్బతీసి అయినా ఉండాలి. డిప్రెషన్ వంటి మరో రుగ్మత లక్షణాలు పూర్తిగా సరిపోతే ఈ పేరు పెట్టకూడదు. కష్టం తొలగిపోయాక 6 నెలలకు మించి లక్షణాలు కొనసాగకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణ గ్రంథం మరో దారి పట్టింది. మనసు ఆ కష్టం చుట్టూనే తిరుగుతుండడం, దానికి సర్దుకోలేకపోవడం అనే రెండు లక్షణాలను ముఖ్యమైనవిగా తీసుకుంది. ఇవి సాధారణంగా నెలలోపే మొదలవుతాయని చెప్పింది. ఒక గ్రంథం 3 నెలలు, మరొకటి ఒక నెల అంటున్నప్పుడు ఒకే రోగి ఒకచోట లెక్కలోకి వచ్చి, ఇంకోచోట రాకపోవచ్చు.

అసలు చిక్కు "కష్టం తొలగిపోయాక" అన్న మాటలో ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధి జనాన్ని పీడిస్తోంది. డయాలసిస్ దశకు చేరిన మనిషి వారానికి రెండు మూడుసార్లు యంత్రం పక్కన గంటల తరబడి పడుకోవాలి. ఆ కష్టానికి ముగింపు తేదీ లేదు కాబట్టి 6 నెలల లెక్క మొదలయ్యే రోజే రాదు. ఇలాంటివారి కోసం డీఎస్ఎంలో దీర్ఘకాలిక రూపం అని వేరే గుర్తింపు ఉంది. అయినా ఏది వ్యాధికి తగిన దుఃఖం, ఏది మితిమీరిన దుఃఖం అన్న తీర్పు వైద్యుడి వివేకానికే మిగులుతుంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

1983లో డెరొగాటిస్ బృందం అమెరికాలోని మూడు క్యాన్సర్ కేంద్రాల్లో 215 మంది రోగులను పరిశీలించింది. వారిలో 47 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేల్చింది. ఆ నిర్ధారణల్లో దాదాపు 68 శాతం సర్దుబాటు రుగ్మతే. అంటే మొత్తం రోగుల్లో సుమారు మూడోవంతు. 2011లో మిచెల్ బృందం ముఖాముఖి ఇంటర్వ్యూలు చేసిన 94 అధ్యయనాలను క్రోడీకరించింది. క్యాన్సర్ విభాగాల్లో సర్దుబాటు రుగ్మత 19.4 శాతమని, అసలు విలువ 14.5 నుంచి 24.8 మధ్య ఉండవచ్చని అంచనా కట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రోగుల బాధ తగ్గిందని అనలేం. రోగులు వేరు, కాలం వేరు, ఇంటర్వ్యూ పద్ధతులూ వేరు. ఇక దేశాల స్థాయి సర్వేల్లో విరివిగా వాడిన సీఐడీఐ అనే ఇంటర్వ్యూలో ఈ రుగ్మతకు చోటే లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాదు కదా.

ప్రశ్నావళి పొరబడే చోటు

పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిని దగ్గరగా చూద్దాం. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే జాగ్రత్తగా చూడాలి. కీమోథెరపీ తీసుకుంటున్న ఒక మహిళను ఊహించండి. నిద్ర సరిగా పట్టడం లేదు, రోజూ, 3. నీరసం, రోజూ, 3. అన్నం సయించడం లేదు, రోజూ, 3. దేనిమీదా ధ్యాస నిలవడం లేదు, కొన్ని రోజులు, 1. మొత్తం 10. దిగులు గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఈ నాలుగూ మందుల వల్లే వచ్చి ఉండవచ్చు.

ఈ ఇబ్బందిని తప్పించడానికే జిగ్మండ్, స్నెయిత్ 1983లో హాడ్స్ అనే 14 ప్రశ్నల కొలమానం రూపొందించారు. నిద్ర, ఆకలి వంటి శారీరక లక్షణాలను పక్కన పెట్టారు. అయినా ఒళ్లు మందగించినట్టు ఉందా అని అడిగే ప్రశ్న ఒకటి అందులో మిగిలింది. జబ్బుతో ఉన్న ఎవరైనా దానికి అవుననే అంటారు. భయంతో కడుపులో సీతాకోకచిలుకలు ఎగిరినట్టుందా అనే అర్థం వచ్చే ప్రశ్న మరొకటి. దాన్ని తెలుగులో "కడుపులో దేవినట్టుందా?" అని అడిగామనుకోండి. కీమో తీసుకునే మనిషి తన వికారం గురించి చెబుతుంది. "గుండెలో గుబులుగా ఉందా?" అని అడిగితేనే భయం గురించి చెబుతుంది. అనువాదంలో ఒక్క మాట మారితే మార్కులు మారిపోతాయి.

పైగా పీహెచ్‌క్యూ-9, హాడ్స్ రెండూ సర్దుబాటు రుగ్మత కోసం తయారైనవి కావు. 2020లో షెవ్లిన్ బృందం ఐసీడీ-11కు తగ్గట్టు ఐఏడీక్యూ అనే ప్రశ్నావళి తెచ్చింది. అది ముందు కష్టం ఏమిటో అడిగి, తర్వాత ఎడతెగని ఆలోచన గురించి, సర్దుకోలేకపోవడం గురించి, పనులు దెబ్బతినడం గురించి అడుగుతుంది. ఆ క్రమం సరైనదే. అయితే తొలి పరీక్ష సాధారణ జనంపై జరిగింది. ఆసుపత్రి మంచంపై ఉన్నవారికి అవే హద్దులు సరిపోతాయని ముందే అనుకోకూడదు.

ముగింపు

ఈ ఆధారాలను బట్టి మూడు సూచనలు చేయవచ్చు. ప్రశ్నావళిని వడపోతకే వాడాలి, తీర్పుకు కాదు. మార్కులు ఎక్కువ వచ్చినవారితో ఎవరైనా కూర్చుని మాట్లాడాలి. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలవాలి, ఎందుకంటే ఈ రుగ్మతకు కాలమే ప్రధాన లక్షణం. తెలుగులో వాడేముందు ప్రతి ప్రశ్నా రోగులకు ఎలా అర్థమవుతోందో కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో విడివిడిగా అడిగి చూడాలి.

సర్దుబాటు అన్న పేరు విని దీన్ని చిన్నదిగా చూడొద్దు. ఈ రుగ్మతలో ఆత్మహత్య ముప్పు పెరుగుతుందని డీఎస్ఎం స్పష్టంగా హెచ్చరిస్తోంది. మీ ఇంట్లో జబ్బుతో ఉన్నవారు ముభావంగా మారితే, మందులు మానేస్తుంటే, బతికి ఏం లాభమని అంటుంటే, "అన్నీ సర్దుకుంటాయిలే" అని వదిలేయకండి. పక్కన కూర్చుని అడగండి, వైద్యుడికి చెప్పండి. టెలీ మానస్ ఉచిత సహాయ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.