కృష్ణా తీరపు ముస్లిం పెండ్లిండ్లు: విందు ఎవరి బాధ్యత?

గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలనాకాలం 1672–1687) బందరు ప్రయాణంలో భాగవతుల ప్రదర్శన చూచి, కూచిపూడిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని పరంపరగా చెప్పుకుంటారు. ఆ కథలో అతిథి ముస్లిం ప్రభువు, అతనిని అలరించినవారు బ్రాహ్మణులు. ఇరుగుపొరుగున మర్యాదలు ఇచ్చిపుచ్చుకోవడం ఈ సీమలో పాత సంగతే. పెండ్లి పందిట్లో అది మరింత స్పష్టం.

ఇందుకు సాక్షి ఈ ప్రాంతంవాడే. ఏలూరులో జన్మించిన జాఫర్ షరీఫ్ ముస్లింల ఆచారాలను దక్కనీలో వ్రాయగా, మద్రాసు సర్కారు వైద్యుడు హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోనికి అనువదించి 1832లో లండనులో ప్రకటించాడు. పేరు ‘ఖానూనె ఇస్లాం’. పేరు చూచి ధర్మశాస్త్రమనుకొంటే పొరబాటే. అందులో చాలాభాగం లోకాచారం. పెండ్లి అధ్యాయంలో తాంబూలాలు పంచడం, గడప తొక్కడం, ఉప్పు రుచి చూడడం, పసుపు, మెహందీ, సాచఖ్, రాత్రివేళ వరుని ఊరేగింపు, జల్వా, కంకణం విప్పడం అన్నీ ఉన్నాయి. నికా వాటి నడుమ ఒక ఘట్టం మాత్రమే! చివర జుమాగీ: పెండ్లి తరువాతి శుక్రవారాలలో అత్తవారింట అల్లునికి విందు. మన మనుగుడుపులకు అది తోబుట్టువు.

పసుపు, తాంబూలాలతో ఎవరి ఇల్లూ గుల్ల కాలేదు. అసలు చిక్కు విందు దిశ మారడంలో ఉంది. షరీఅత్‌లో మహర్ ఇవ్వవలసినవాడు వరుడు; వలీమా విందు పెట్టవలసినవాడూ అతడే. హజ్రత్ సఫియ్యా (ర) వివాహపు వలీమాలో మహాప్రవక్త (స) వడ్డించినవి ఖర్జూరాలు, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు. హజ్రత్ జైనబ్ (ర) వివాహంలో రొట్టె, మాంసం. ఆనాడు కొందరు భోజనం ముగిసినా కబుర్లలో కూర్చుండిపోయారు. తిన్న తరువాత లేచి వెళ్ళాలన్న మర్యాదను ఆ సందర్భంలోనే దివ్యఖుర్ఆన్ (33:53) నేర్పింది. బీదలను విడిచి ధనికులనే పిలిచే వలీమాను హదీసు అతి చెడ్డ విందుగా చెప్పింది.

డెల్టాలో మాత్రం మగపెండ్లివారు విడిదిలో దిగి మర్యాదలు లెక్కపెట్టే పద్ధతి ముస్లిం ఇండ్లకూ ప్రాకింది. భోజనాల ఖర్చు ఆడపిల్ల తండ్రిమీద పడింది. మహర్ కాగితంమీద నిలిచిపోయింది, కట్నం ముందే చేతికందింది. జాఫర్ షరీఫ్ జహేజ్‌కు ఒక విభాగమే కేటాయించాడు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నిర్వచిస్తూ, షరీఅత్ వర్తించేవారి మహర్ అందులోనికి రాదని ప్రత్యేకంగా వ్రాసింది.