బడి, ఇల్లు, అయ్యవారు

పిల్లలు శ్రద్ధగా చదువుట లేదని తల్లిదండ్రులు, తల్లిదండ్రులు పట్టించుకొనుట లేదని ఉపాధ్యాయులు, ఉపాధ్యాయులు సరిగా చెప్పుట లేదని లోకము - ఈ మూడు ఫిర్యాదులును నేడు ప్రతి ఊరిలో వినవచ్చుచున్నవి. పూర్వము ఇట్టి చిక్కులు లేవనియు, వీధిబడి అయ్యవారి బెత్తముతోనే చదువు వచ్చుచుండెడిదనియు చెప్పువారును కలరు. ఈ మాటలో నిజమెంతయో తెలిసికొనుటకు మనకొక మంచి ఆధారము మిగిలియున్నది.

1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలలోని బడుల లెక్క తీయింప నిశ్చయించెను. బడులెన్ని, చదువువారెందరు, వారే కులములవారు అను వివరములను కలెక్టర్లు పంపవలసి యుండెను. పలువురు పట్టికలు నింపి పంపి ఊరకుండిరి. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ మాత్రము 1823 ఆగస్టు 17వ తేదీన పట్టికతోపాటు విపులమైన నివేదికను పంపెను. ఈయన తెలుగు నేర్చి, ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించినవాడు. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము సీమయు చేరియుండెను. అది వేరు జిల్లాయైనది 1882లో.

కాంబెల్ లెక్క ప్రకారము జిల్లాలో 533 బడులు కలవు. వానిలో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారశీకము, తమిళము, ఇంగ్లీషు నేర్పునవి. చదువువారు 6,641 మంది, అనగా బడికి సగటున 12 మంది. బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనాభా 9,27,857. వేయిమందికి ఏడుగురు బడిలో నుండిరన్నమాట.

ఆ బడి తీరును కాంబెల్ కన్నులకు కట్టునట్లు వర్ణించెను. అయిదవ ఏట వినాయకుని ముందర కూర్చుండబెట్టి బియ్యములో అక్షరములు వ్రాయింతురు. పిమ్మట ఇసుకలో వ్రేలితో దిద్దుట. ఉదయము మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, వాడు మెప్పునకు గాని నిందకు గాని పాత్రుడు కాడని దాని భావము. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, అట్లే వరుసగా పెరుగును. అల్లరివానికి గుంజిళ్ళు, మరీ మొండివానిని చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు కలదు. మన పెద్దలు దీనినే కోదండమనిరి.

మెచ్చుకొనదగినవియు కలవు. ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పు పద్ధతిని కాంబెల్ మిక్కిలి కొనియాడెను. మద్రాసులోని అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ ఈ దేశపు పద్ధతిని చూచి, 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. మన వీధి అరుగుమీది పద్ధతి ఆ విధముగా ఇంగ్లాండు బడులలో ప్రవేశించినది.

అయినను కాంబెల్ లోపములను దాచలేదు. పిల్లలు చదువు పద్యములు వారు మాటాడు భాషకు దూరమైనవి. వారు వానిని వల్లె వేయుదురే గాని అర్థము నెరుగరు. పెక్కుచోట్ల అయ్యవార్లును ఎరుగరు. ఇది విద్యార్థి కష్టము.

తల్లిదండ్రుల కష్టము ఇంతకంటె గట్టిది. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడవి లేవనియు, పెద్ద బడులున్నచోట కలవారి బిడ్డలు కొందరే మిగిలిరనియు కాంబెల్ వ్రాసెను. దీనికి కారణము దేశమునకు పట్టిన పేదరికమని ఆయన దాపరికము లేకుండ చెప్పెను. సీమ వస్త్రములు వచ్చి నేతగాండ్ర బ్రతుకు చెడినది. పసివాని చేతులకు కొంచెము పని చేయు శక్తి రాగానే వానిని పనిలో పెట్టక తప్పని స్థితి సామాన్యులకు ఏర్పడినది. కుంపిణీ కొలువులోని అధికారి కుంపిణీ ప్రభుత్వమునకే ఈ మాట వ్రాసెనని మరువరాదు.

ఇక అయ్యవారు. అన్ని జిల్లాల లెక్కలను కూర్చి 1826 మార్చి 10వ తేదీన మన్రో తన అభిప్రాయమును వ్రాసెను. రాజధానిలో బడులు 12,498. చదువువారు 1,88,650 మంది. ఇండ్లలో చదువుకొనువారిని చేర్చినచో, అయిదు మొదలు పదేండ్ల మగపిల్లలలో మూడవవంతునకు దగ్గరగా ఏదో ఒక చదువు అందుచున్నదని ఆయన అంచనా. అయితే అయ్యవారి రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు, ఆ రాబడికి యోగ్యులు ఈ వృత్తిలోనికి రారనియు ఆయన తేల్చెను. దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి తిరిగిన అయ్యవారిని ఎరిగినవారికి ఈ మాట క్రొత్త కాదు.

తహశీలు బడి అయ్యవారికి నెలకు తొమ్మిది రూపాయలు, జిల్లా బడి అయ్యవారికి పదునైదు ప్రభుత్వమే ఈయవలెనని మన్రో ప్రతిపాదించెను. పిల్లలిచ్చు జీతము దానికి అదనము. కాని 1827 జూలైలో పత్తికొండలో కలరా సోకి ఆయన మరణించెను. బడులు కొన్ని తెరచిరి గాని వానిని కనిపెట్టి చూచువారు కరవైరి. 1835లో ప్రభుత్వపు చూపు ఇంగ్లీషు చదువు వైపు మరలినది. 1836లో ఆ బడులు రద్దయ్యెను.

ధర్మపాల్ 1983లో ఈ నివేదికలను గ్రంథముగా ప్రకటించిన నాటినుండి, ఆ కాలము స్వర్ణయుగమని కొందరు, కాదని కొందరు వాదించుచున్నారు. మాకు తోచిన పాఠము వేరు. అర్థము కాని చదువు, తీరని పేదరికము, చాలని జీతము - ఇవి మూడు వేరు వేరు దోషములు కావు. జీతము చాలనిచోట యోగ్యుడు రాడు. యోగ్యుడు లేనిచోట చదువు వల్లెవేతగా మారును. ఫలము కానరాని చదువునకు పేద తండ్రి బిడ్డను పంపడు.

నేడు ఈ ముడి రూపు మారినది గాని వీడలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు ఉచిత విద్యను హక్కు చేసినది, కొట్టుటను నిషేధించినది. కోదండము పోయినది, కాని పరీక్ష భయము మిగిలినది. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిమ్మట పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిన విషాదమును మనమెట్లు మరువగలము? పిల్లవానిని పనికి పంపిన నాటి తండ్రికి బదులు, బడి జీతము కొరకు అప్పు చేయు తండ్రి నేడు కానవచ్చుచున్నాడు. ఒకే గదిలో రెండు మూడు తరగతులకు పాఠము చెప్పవలసిన ఉపాధ్యాయుడును ఉన్నాడు.

కనుక ముగ్గురిలో ఒకరిని దోషిగా నిలబెట్టి తక్కిన ఇద్దరు తప్పుకొనుట న్యాయము కాదు. నాటి కలెక్టరు లెక్కతో ఆగక, బడి వెనుకనున్న ఇంటిని, అయ్యవారి బ్రతుకును గూడ చూచెను. మార్కుల పట్టిక చేతికి వచ్చిన దినమున మనమును ఆ పాటి చూపు చూడగలిగిన, పిల్లవానిపై చేయి ఎత్తుటకు ముందు వానితో పట్టుమని పది నిమిషములు మాటాడుదుము; వాని ఉపాధ్యాయుని ఒకసారి కలిసికొందుము. ముడి విప్పుటకు అదియే మొదటి కొస.