కోటయు కొండయు

గ్రామపు లెక్కలు వ్రాయుచు తల నెరసినవాడను, పండితుడను గాను. కావ్యములు చదువుకొనుటకు నాకు ఈ గ్రంథాలయమే గురుకులమైనది. ఆ ఋణము కొంత తీర్చుకొను తలంపుతో, మనకు చేరువనున్న రెండు ప్రాచీన స్థలములను చూచివచ్చిన విధము పాఠకులకు విన్నవించుచున్నాను.

గరివిడిలో రైలెక్కి విజయనగరమున దిగి మొదట కోటకు పోయితిని. పూసపాటివారు దీనిని 1713లో కట్టించిరి. అది విజయ నామ సంవత్సరము. నాలుగు మూలల బురుజులతో రాతిగోడలు నేటికిని నిలిచియున్నవి. 1794లో పద్మనాభ యుద్ధమున చిన విజయరామరాజుగారు నేలకొరిగిరి. 1958లో మాన్సాస్ ఏర్పడిన పిమ్మట కోట విద్యాలయములకు నెలవైనది. మోతీమహలు మాత్రము నేడు లేదు. చదువు చేరిన గదులు నిలిచినవి.

అచటినుండి నెల్లిమర్ల మీదుగా రామతీర్థము చేరితిని. శ్రీరాముని సేవించి గురుభక్తులకొండ నెక్కితిని. 20వ శతాబ్ది ఆరంభమున అలెగ్జాండర్ రీ దొరగారు త్రవ్వించిన బౌద్ధారామ మిదియే. స్తూపము, చైత్యములు, భిక్షువుల గదులు కొండవాలున వరుసగా నున్నవి. అందు దొరకిన ఒక మట్టిముద్ర వలన ఆ సంఘమునకు శివమక విజయరాజ శైల సంఘమను పేరుండినట్లు తెలియుచున్నది. రామతీర్థపు గుహలో మఱియొక శాసనము కన్నడ భాషలో నున్నది. తూర్పు చాళుక్య విమలాదిత్యుని గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు ఈ కొండకు మ్రొక్కినట్లు అది చెప్పుచున్నది. ఆ విమలాదిత్యుని కుమారుడే నన్నయభట్టునిచే భారతము చెప్పించిన రాజరాజనరేంద్రుడు! మన భారతముతో చుట్టరిక మున్న కొండ యిది యని నేను అంతవఱకు ఎఱుగనైతిని.

శిథిలమైన గోడలను మరమ్మతు చేసినచోట పాత ఇటుక ఏదో, క్రొత్తది ఏదో పోల్చుకొన వీలుండవలెను. లెక్కలలో తప్పు దిద్దువాడు పాత అంకె కనబడునట్లు కొట్టివేసి ప్రక్కను వ్రాయునే గాని చెరిపివేయడు. జీర్ణోద్ధరణమునకును అదియే ధర్మము.

ఒక మట్టిముద్ర ఇన్ని శతాబ్దులు ఒక సంఘము పేరు నిలిపినది. మా తాతగారి తాటాకు కట్టలను అటకమీద నుంచి మఱచితిని; అవి చెదల పాలైనవి. ఆ తప్పు దిద్దుటకు నాకు వీలులేదు. కనుక మీ యిండ్లలో తాళపత్రములు, పాత దస్తావేజులు ఉన్నచో ఈ గ్రంథాలయమునకు చేర్చుడు. రజతోత్సవమునకు మనము చేయదగిన సేవ ఇంతకుమించి వేఱొకటి లేదు.