తూలిన దేహము, నివ్వెరపోయిన మనస్సు: 'స్టాగర్' అనే మాట చరిత్ర



తమిళనాడు సరిహద్దున తెలుగు పిల్లలకు పాఠం చెప్పే నాకు, ఎనిమిదవ తరగతి ఇంగ్లీషు వాచకంలో 'స్టాగర్' అనే క్రియ ఎదురైంది. అర్థం అడిగితే ఒక బాలుడు "తూలేది సార్" అన్నాడు. ఒక బాలిక గైడు చూసి "ఆశ్చర్యపోవుట" అని చదివింది. వాక్యం ఒక వార్త విని ఒకతను చలించిపోవడాన్ని గురించినది. అందుచేత నేను బాలిక సమాధానమే సరి అని, బాలుణ్ణి కూర్చోమన్నాను. తరగతి నవ్వింది. ఆ సాయంత్రం నిఘంటువులు తిరగవేసినప్పుడు గాని నేను చేసిన అన్యాయం నాకు తెలియలేదు.

ఈ మాట ఇంగ్లీషులో పుట్టినది కాదు. ప్రాచీన నార్స్ భాషలోని 'స్టాక్రా' దీనికి మూలం. నెట్టుట, తూలిపడేటట్లు చేయుట అని దాని అర్థం. మధ్యయుగపు ఇంగ్లీషులో ఇది కాళ్లు నిలువక అటూ ఇటూ ఒరగడానికే వాడుక. అంటే మొదట తూలినది దేహమే. తరువాత సంకల్పం తూలింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, రోమీయులకు వ్రాసిన పత్రిక నాల్గవ అధ్యాయంలో, అబ్రాహాము విశ్వాసం చలించలేదని చెప్పేచోట ఈ క్రియనే వాడారు. తెలుగు బైబిలులో అక్కడ 'సందేహించు' అనే క్రియ ఉన్నది. పదహారవ శతాబ్దం నుండే 'దిగ్భ్రమ కలిగించు' అనే అర్థమూ చేరింది. పందొమ్మిదవ శతాబ్దంలో వస్తువులను ఒకదాని వెంట ఒకటి తప్పించి అమర్చడమనే అర్థం కూడా వచ్చింది. ఉద్యోగుల పనివేళలను వేరువేరుగా నిర్ణయించడాన్ని ఈ మాటతోనే చెబుతారు. అక్కడ 'అంచెలంచెలుగా' అంటే సరిపోతుంది గాని ఆశ్చర్యానికి చోటు లేదు.

కనుక ఆ బాలుడు చెప్పినది మాట యొక్క వేరు. బాలిక చెప్పినది కొమ్మ.

మన భాషలో ఈ ప్రయాణం ఎలా సాగిందో చూడండి. తూలు, తడబడు, తొట్రుపడు, తత్తరపడు అనేవి నడకకూ మాటకూ సంబంధించినవి. ఆశ్చర్యానికి వేరే సంపద ఉన్నది. సంస్కృతం నుండి ఆశ్చర్యము, అద్భుతము, విస్మయము వచ్చాయి. విస్మయములో ఉన్న ధాతువుకు చిరునవ్వు అని అర్థం. ప్రాకృతం మీదుగా వచ్చి రూపం మారినవి అచ్చెరువు, అబ్బురము. దిక్కు తెలియకపోతే దిగ్భ్రాంతి. మాట రాకపోతే అవాక్కగుట. మ్రానువలె నిలిచిపోతే మ్రాన్పడుట.

ఇక్కడ ఒక భేదం గమనించదగినది. ఇంగ్లీషు మాటలో ఆశ్చర్యపడినవాడు తూలుతాడు. మన మాటలలో చాలావరకు నిలిచిపోతాడు. భరతుని నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో మొదటిది స్తంభమే. అయితే 'తల తిరిగిపోయింది', 'దిమ్మ తిరిగింది' అనే ఇంటి మాటలలో మనవాడూ తూలుతాడు. అందుచేత 'స్టాగర్' అనే మాటకు దగ్గరగా నిలిచేవి ఈ ఇంటి మాటలే. గైడులోని 'ఆశ్చర్యపోవుట' తప్పు కాదు. అది చప్పబడిన మాట, అంతే.

ఇక వెఱగు. నివ్వెరపోవుటలో ఉన్నది ఇదే. భయపడడానికి మనం వాడే వెఱచు, వెఱపు దీని చుట్టాలే. మితిమీరిన ఆశ్చర్యానికి అంచున భయం ఉంటుందని ఈ మాటలే చెబుతున్నాయి. కర్ణాటకలోని మిత్రులకు ఇది మరింత దగ్గర. కన్నడంలో ఆశ్చర్యానికి 'బెరగు' అనే మాట ఉన్నది. మన వేరు వారికి బేరు, మన విల్లు వారికి బిల్లు. అదే దారిలో వెఱగు బెరగు అవుతుంది. మన అచ్చెరువు వారి 'అచ్చరి'. తమిళంలో 'వెరువు' అంటే భయపడుట. బడిలో తమిళమో కన్నడమో చదివే మన బిడ్డకు ఆ భాష తెలుగుకు శత్రువు కాదు, సాక్షి.

నిఘంటువుల చరిత్రలోనూ మనకు పాఠమున్నది. 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో బ్రౌను కావ్యాల మాటలతో పాటు జనం నోటి మాటలకూ చోటిచ్చాడు. 1885 నాటి శబ్దరత్నాకరంలో బహుజనపల్లి సీతారామాచార్యులు కావ్యభాషకు పట్టం కట్టారు. 1894లో కిట్టెల్ తన కన్నడ నిఘంటువులో తెలుగు, తమిళ రూపాలను పోల్చి చూపాడు. ఈ మూడు చూపులూ మన తరగతి గదికి కావాలి. గైడు ఇచ్చే ఏకైక సమానార్థకంలో ఈ మూడూ లేవు.

ఇది కేవలం మాటల ముచ్చట కాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం నిర్బంధ పాఠ్యభాగమై, 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభమై ఏటా ఒక్కొక్క తరగతి పైకి వచ్చింది. తెలుగుకు మిగిలే గంటలు తగ్గినకొద్దీ, ఇంగ్లీషు గంటలో మనం చెప్పే అర్థాలే బిడ్డకు తెలుగు పాఠాలవుతాయి. అక్కడ ఇంటి మాటను నవ్వులపాలు చేస్తే, ఆ బిడ్డ దానిని మళ్లీ బడికి తీసుకురాడు.

మరునాడు ఆ బాలుణ్ణి లేపి, నిన్న నేనే తడబడ్డానని అందరి ఎదుట చెప్పాను. ఆశ్చర్యానికి ఇంట్లో పెద్దలు వాడే మాటలను అడిగి వ్రాసుకురమ్మన్నాను. వారం తిరిగేసరికి నల్లబల్ల నిండింది. "మా అవ్వ 'గుండె ఝల్లుమనె' అంటుంది సార్" అని మొదట చేయి ఎత్తినవాడు అతడే. మీ తరగతిలోనూ ఒకసారి అడిగి చూడండి.